చేప ఎప్పుడొస్తాదండి అయ్యగారూ?



ఈ వారం వాక్యధ్యానం రాయవలసిన చోట ఒక సినిమా మీద మా కోపం రాస్తున్నాము. కోపం అనడం సేవకులకు తగదంటే అసంతృప్తి అనుకోండి. కానీ మనసులో ఉన్నది కోపమే. రెండు వారాలు ప్రార్థనలో పెట్టినా అది తగ్గలేదు.

జరిగినది ఇది. మా సంఘంలో నాలుగు ఆదివారాలు యోనా గ్రంథం ధ్యానించాము. నాలుగో వారం ముగిసేసరికి పిల్లలకు ప్రవక్త కంటే చేప మీదే ఆసక్తి పెరిగింది. ఎంత పెద్దది, ఏమి తింటుంది, ఎలా అరుస్తుంది అని ఒకటే ప్రశ్నలు. సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక విశ్వాసి కుమారుడు, తిమింగలాల మీద మంచి డాక్యుమెంటరీ ఉంది అయ్యగారూ, నా లాప్‌టాప్‌లో చూపిస్తాను అన్నాడు. పేరు ‘ఫాదమ్’. 2021లో ఆపిల్ టీవీలో వచ్చింది. డ్రూ జాంథోపౌలస్ అనే ఆయన తీశారు. హంప్‌బ్యాక్ తిమింగలాల స్వరాలను పరిశోధించే ఇద్దరు స్త్రీల గురించిన సినిమా. ఎల్లెన్ గార్లండ్ దక్షిణ పసిఫిక్ సముద్రంలో వాటి పాటలు వింటారు. మిషెల్ ఫోర్నెట్ ఆగ్నేయ అలాస్కాలో వాటి పిలుపులు వింటారు. అంతేకాదు, ఒక పిలుపును తిరిగి నీళ్లలోకే వినిపించి, జవాబు వస్తుందా అని చూస్తారు.

వినగానే మాకు ఎంతో సంతోషమైంది. ఆదివారం ఆరాధనలోనే ప్రకటన చేశాము, సాయంత్రం ‘తిమింగలం సినిమా’ అని. స్కూలు మాస్టారిని అడిగి ప్రొజెక్టరు తెచ్చాము. ప్రసంగ వేదిక వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టాము. పిల్లలు ముందు చాపల మీద, పెద్దలు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ఉపవాస కూడికకు రానివారు కూడా వచ్చారు. సినిమా ఇంగ్లీషులో ఉంటుంది గనుక పక్కన మైకు పట్టుకుని తెలుగులో చెప్పడానికి మేము నిలబడ్డాము.

అరగంట గడిచింది. ఒకామె పెట్టెలు సర్దుకుంది. తాళ్లు చుట్టింది. పడవలో కూర్చుంది. మంచు పట్టిన సముద్రం, ఆమె ముఖం. ఇంకొకామె కంప్యూటరు ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. మళ్లీ సముద్రం, మళ్లీ ముఖం. మా చేతిలో మైకు ఉంది గాని చెప్పడానికి మాటలు లేవు. వెనక నుంచి మా సంఘంలో అందరికంటే పెద్దామె గట్టిగా అడిగింది, “చేప ఎప్పుడొస్తాదండి అయ్యగారూ?”

అందరూ నవ్వారు. వస్తాది అమ్మా, కూర్చోండి అన్నాము. వచ్చింది కూడా. అబద్ధమెందుకు, వీపు వచ్చింది, తోక వచ్చింది, ఊపిరి వదిలితే ఆవిరిలా లేచిన నీళ్లు కనిపించాయి. అవి కనబడినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ చప్పట్లు ఆగకముందే కెమెరా తిరిగి మనుషుల దగ్గరకు వెళ్లిపోయేది. గంటన్నర సినిమా ముగిసేసరికి చాపల మీద సగం మంది నిద్రపోయారు. పెద్దామె అయితే ఎప్పుడో నిద్రపోయింది.

సినిమా నెమ్మదిగా ఉంది అన్నది మా ఫిర్యాదు కాదు. రాత్రంతా సాగే ప్రార్థనలో కూర్చునే జనం మా వాళ్లు, నెమ్మది వారికి కొత్త కాదు. పక్క మండలం నుంచి ఒక తోటి సేవకుడు ఫోన్ చేసి, పరిణామవాదుల సినిమా మందిరంలో ఎలా వేశారు బ్రదర్ అని మందలించారు. మా ఫిర్యాదు అదీ కాదు. ఐదవ దినమున దేవుడు మహా మత్స్యములను సృజించాడని మేము నమ్ముతున్నాము, ప్రకటిస్తున్నాము. అయితే ఆ సంగతి నమ్మిన మనం, ఆయన చేసిన ఆ ప్రాణి గొంతు వినడానికి ఎన్నడైనా ఒక్క గంట కూర్చున్నామా? నమ్మరని మనం అనుకునే వాళ్లు ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఈ విషయంలో వాళ్లను తప్పుపట్టే అర్హత మాకు లేదు.

మా ఫిర్యాదు వేరు. యోబు గ్రంథం ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ముప్పై ఏడు అధ్యాయాల దాకా యోబు, ఆయన స్నేహితులు మాట్లాడుతూనే ఉంటారు. అంతా మనిషి బాధ, మనిషి వాదన. అప్పుడు సుడిగాలిలో నుండి దేవుడు జవాబిచ్చాడు. ఏమని ఇచ్చాడు? యోబు దుఃఖానికి కారణం ఒక్క మాట కూడా చెప్పలేదు. కొండ మేకలను చూడు, నిప్పుకోడిని చూడు, నీటిలోని మకరమును చూడు అన్నాడు. తనలో తాను మునిగిపోయిన మనిషిని బయటికి లాగి, తనకంటే పెద్దదాని ముందు నిలబెట్టాడు. ఈ సినిమా చేసిన పని దీనికి తలకిందులు. తిమింగలం ముందు నిలబెడతానని పిలిచి, మనల్ని మళ్లీ మనిషి ముఖం ముందే కూర్చోబెట్టింది. అంత గొప్ప ప్రాణి ఒక పరిశోధకురాలి ఒంటరితనాన్ని చూపించే అద్దమైపోయింది.

(మకరము అంటే మొసలి కదండీ అని పిల్లలు అడుగుతారు. 104వ కీర్తనలో సముద్రంలో ఆడుకోవడానికి దేవుడు చేసిన ప్రాణికి మన తెలుగు బైబిలులో ఉన్న మాట మకరములే. యోనాలో గొప్ప మత్స్యము, మత్తయి పన్నెండులో తిమింగిలము. మన అనువాదకులు కూడా ఆ ప్రాణిని కళ్లారా చూసి ఉండరు పాపం.)

ఆ ఇద్దరు స్త్రీల మీద మాకు కోపం లేదు, ఈ మాట గట్టిగా చెబుతున్నాము. వారి పని ఎంత గొప్పదో సినిమా తరువాత చదివి తెలుసుకున్నాము. చదివిన కొద్దీ సినిమా మీద కోపం పెరిగింది. గార్లండ్, ఆమె తోటివారు కలిసి పదకొండు సంవత్సరాల పాటు రికార్డు చేసిన పాటలను పోల్చి చూశారు. తూర్పు ఆస్ట్రేలియా తీరంలో మగ తిమింగలాలు ఒక కొత్త పాట అందుకుంటాయి. ఆ పాట అక్కడ ఆగదు. న్యూ కాలెడోనియా, టోంగా, అమెరికన్ సమోవా, కుక్ దీవులు దాటుకుంటూ ఫ్రెంచ్ పాలినేషియా చేరుతుంది. దాదాపు ఆరు వేల కిలోమీటర్ల దూరం, రెండేళ్ల కాలం. పాడే తిమింగలం అంత దూరం వెళ్లదు, పాటే ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు చేరుతుంది. ప్రతిసారీ పడమర నుంచి తూర్పుకే. పాత పాటను అన్నీ కలిసి వదిలేసి కొత్తది నేర్చుకుంటాయి. 2011లో ఇది ప్రచురించారు. ఒక ఊరి సంఘంలో పుట్టిన కొత్త కీర్తన క్రిస్మస్ నాటికి నాలుగు మండలాలు దాటడం మనం చూస్తూనే ఉంటాము. ఇదొక్కటి ఒక పటం మీద గీసి చూపిస్తే మా చాపల మీది పిల్లలు నిద్రపోయేవారా? ఇందులో మా మనసుకు అందింది కంప్యూటరు తెర మీద కదిలే గీతలు, వాటి వంక చూస్తున్న ముఖం, అంతవరకే.

ఆ పాట ఒకటుందని మనుషులకు ఎలా తెలిసిందో అది ఇంకా మంచి కథ. బెర్ముడా దీవిలో అమెరికా నౌకాదళం కోసం పని చేసే ఫ్రాంక్ వాట్లింగ్‌టన్ అనే ఇంజనీరు ఉండేవాడు. సముద్రంలో దించిన మైకులు ఆయన ఉద్యోగం. ఆ మైకుల్లో తనకు తెలియని ఒక స్వరం పడింది. వేటగాళ్లకు తెలిస్తే దాన్ని వాడుకుని చంపుతారని ఆ టేపులు దాచిపెట్టాడు. 1960ల చివర్లో రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులకు ఇచ్చాడు. స్కాట్ మెక్‌వే, ఆయన భార్య హెల్లా ఆ ధ్వని గీతల కాగితాలు ఇంట్లో నేల మీద పరచుకుని చూశారు. హెల్లా లెక్కల మనిషి. చూడగా చూడగా అది ఉత్త అరుపు కాదు, ఒక వరుసలో మళ్లీ మళ్లీ వచ్చే పాట అని తేలింది. 1970లో రికార్డు వచ్చింది, 1971లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. కేటీ పేన్ సంగీతం చదువుకున్న మనిషి. ఏటేటా ఆ పాట మారుతుందని కనిపెట్టింది ఆమె. 1977లో వాయేజర్ నౌకలో పెట్టి పంపిన రికార్డులో మనుషుల పలకరింపుల మధ్య ఈ తిమింగలం పాట కూడా ఉంది. గమనించండి, ఒక ఉద్యోగి, రెండు కుటుంబాలు, ఇంట్లో నేల మీద కాగితాలు. మనలాంటి వాళ్లు చేయగలిగిన పని.

ఇక అసలు మాటకు వస్తాము. గార్లండ్ వింటున్న ఆ పాటలు ఎవరివి? మిగిలినవాటివి. 1959 నుంచి 1961 వరకు రెండే రెండు వేట కాలాల్లో సోవియట్ నౌకలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు దక్షిణంగా దాదాపు 25 వేల హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపాయి. 1962 నాటికి తూర్పు ఆస్ట్రేలియాలోని టంగలూమా, బైరన్ బే వేట కేంద్రాలు చంపడానికి తిమింగలాలు దొరకక మూతబడ్డాయి. చంపినదాంట్లో చాలా భాగం తిన్నదీ లేదు, వాడినదీ లేదు. పై అధికారులు పెట్టిన లెక్క చేరడమే పని. దక్షిణ సముద్రాల్లో చంపిన హంప్‌బ్యాక్‌లు 2,710 అని అంతర్జాతీయ సంఘానికి చెప్పారు. నిజానికి చంపినవి 48 వేలకు పైన. ఈ అబద్ధం ముప్పై ఏళ్లు నిలిచింది. ఆ నౌకల్లోనే పని చేసిన శాస్త్రవేత్తలు కొందరు నిజమైన లెక్కలు దాచి ఉంచారు. ఒకాయన ఇంటి దగ్గర బంగాళాదుంపలు నిలవ చేసే చోట దాచాడు. 1993లో అలెక్సీ యాబ్లకోవ్ అనే రష్యా శాస్త్రవేత్త అందరి ముందు లేచి ఒప్పుకునేవరకు లోకానికి తెలియలేదు. మన భాషలో దీన్ని పాపపు ఒప్పుకోలు అంటారు. ఒక్క దేశాన్నే అనడానికి లేదు, ఇరవయ్యో శతాబ్దంలో అన్ని దేశాలూ కలిసి చంపినవి 29 లక్షల దాకా ఉంటాయని లెక్క. వాణిజ్య వేట ఆపాలని 1982లో తీర్మానమైంది, 1986 నుంచి అమలైంది. ఇప్పుడు ఆ తూర్పు ఆస్ట్రేలియా తీరంలో అవి మళ్లీ వేలల్లో ఉన్నాయి, పాడుతున్నాయి.

ఈ సంగతికి సినిమాలో దక్కవలసిన చోటు దక్కిందని మాకు అనిపించలేదు. ఎక్కడైనా ఒక మాట దొర్లి ఉంటే మా అనువాదంలో జారిపోయిందేమో, ఆ తప్పు మాది. కానీ లేచి ఇళ్లకు వెళ్లిన ఎనభై మందిలో ఆ సంగతి తెలుసుకుని వెళ్లినవారు ఒక్కరూ లేరు. కాల్చివేసిన ఊళ్లో మిగిలిన నలుగురి పాట రికార్డు చేసుకుని, ఊరు ఎందుకు కాలిందో చెప్పకుండా, పాట వింటున్న తన కళ్లలో తడి చూపించేవాడిని మీరేమంటారు?

వినడం గురించి తీసిన సినిమా ఇది. మరి వినకుండా చేస్తున్నదేమిటో చెప్పాలి కదా. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో ఆ దాడి జరిగాక కొన్ని రోజులు ఓడలు తగ్గిపోయాయి. కెనడాలోని బే ఆఫ్ ఫండీలో రైట్ వేల్ అనే జాతి తిమింగలాల పేడ సేకరించి పరీక్షిస్తున్న శాస్త్రవేత్తలు ఆ రోజుల్లో కూడా సేకరించారు. సముద్రపు చప్పుడు ఆరు డెసిబెల్స్ తగ్గింది. వాటి ఒంట్లో ఒత్తిడిని తెలిపే హార్మోను కూడా తగ్గింది. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. లోకమంతా ఏడ్చిన ఆ వారంలో ఆ మూగజీవులకు విశ్రాంతి దొరికింది. మన సరుకులు మోసే ఓడలు వాటి నెత్తిన ఎంత బరువో దీన్నిబట్టి చూడండి.

సినిమా అయ్యాక ముగ్గురితో మాట్లాడాము. ఈ వ్యాసం రాయించింది వాళ్లే.

మొదటిది, ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మా సంఘం అమ్మాయి. డిగ్రీలో జువాలజీ చదివి, తరువాత విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్ర జీవుల గురించి చదవాలని ఆమె ఆశ. తండ్రి నర్సింగులో చేర్చాలంటున్నాడు. నర్సింగు మంచిదే, మా ఇంట్లో కూడా ఒక నర్సమ్మ ఉంది. కానీ ఈ పిల్ల ఆశ వేరు. మేము ఈ సినిమా వేయడంలో సగం ఉద్దేశం ఆ తండ్రికి చూపించడమే. ఇదొక పని, దీనికొక విలువ ఉంది, ఆడపిల్లలు చేస్తున్నారు అని కళ్లతో చూస్తే మెత్తబడతాడనుకున్నాము. సినిమా అయ్యాక ఆయన మా దగ్గరకు వచ్చి, “చూశారుగా అయ్యగారూ. అంత చదువు చదివి, పడవలో ఒక్కతే కూర్చుని ఏడవడానికాండి?” అన్నాడు. పక్కనే నిలబడ్డ పిల్ల తల వంచుకుని, “మనలాంటోళ్ల పని కాదులెండి అయ్యగారూ” అంది.

మా కోపం అప్పుడు పుట్టింది. పరిశోధకుల మనసులోని వెలితిని అంత అందంగా చూపించినవారు, వారు పొద్దున్నుంచి సాయంత్రం వరకు చేసే పనిని, దానిలో దొరికే ఆనందాన్ని, అది తెలుసుకుంటే మనకు కలిగే భయభక్తులను చూపించి ఉంటే ఆ తండ్రి నోట ఆ మాట వచ్చేది కాదు. ఆ సినిమా తీసినవారికి మా ఊరు ఉందని తెలియదు, నిజమే. అయినా ఒక పనిని ఒంటరివాళ్ల తపస్సులా చూపిస్తే, దాన్ని చూసి తలుపు మూసుకునేది పేదింటి పిల్లలే.

రెండవది, హైదరాబాదు నుంచి లాప్‌టాప్ తెచ్చిన ఆ కుర్రవాడు. మా ముఖం చూసి నొచ్చుకున్నాడు పాపం. “అయ్యగారూ, యోనా గ్రంథంలో మాత్రం చేప ఎన్ని వచనాల్లో ఉందండి? మూడు. మిగతాదంతా ప్రవక్త గొడవే కదా. దాన్ని మీరు నాలుగు వారాలు చెప్పారు, దీన్ని తప్పంటున్నారేంటి?” అన్నాడు. ఆ రాత్రి మాకు జవాబు తట్టలేదు. మంచి ప్రశ్న, బాబూ. రెండు రోజులు ఆలోచించాము. యోనాలో మనిషి గొడవే ఎక్కువ, ఒప్పుకుంటాము. అయితే ఆ గ్రంథం ఆ మనిషి పక్షం వహించదు. చేప మాట విన్నది, పురుగు మాట విన్నది, సొరచెట్టు మాట విన్నది. వినని వాడు ప్రవక్త ఒక్కడే, గ్రంథం వాణ్ణి చూసి నవ్వుతుంది. చివర్లో దేవుడు నీనెవె పిల్లలతో పాటు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తెచ్చి ప్రవక్త నోరు మూయిస్తాడు. ఈ సినిమాలో మనిషిని చూసి నవ్వేవారు లేరు, ఆపేవారూ లేరు. సొరచెట్టు నీడలో కూర్చున్న యోనాను గంటన్నర సేపు దగ్గర నుంచి చూపించి, ఇదే నీనెవె అన్నట్టు ఉంది.

మూడవ సంభాషణ మా సిగ్గుకు సంబంధించినది, అయినా రాస్తున్నాము. అమ్మగారు ఆ రాత్రి, “మీరు చెప్పిన బార్ట్లీ కథ కంటే ఇది నయమే కదా, ఇందులో అబద్ధమైనా లేదు” అంది. జేమ్స్ బార్ట్లీ అనే నావికుణ్ణి 1891లో ఫాక్లాండ్ దీవుల దగ్గర తిమింగలం మింగిందని, మర్నాడు కడుపు కోస్తే ప్రాణంతో బయటపడ్డాడని ఒక కథ. మన తెలుగు సంఘాల్లో యోనా ప్రసంగం వస్తే ఈ కథ రాకుండా ఉండదు. మేమూ చెప్పాము, ఒకసారి కాదు. ఎడ్వర్డ్ డేవిస్ అనే క్రైస్తవ చరిత్రకారుడు ఓడ రికార్డులు వెతికి, అది కట్టుకథ అని 1991లోనే రాశారు. ఆ ఓడ కెప్టెను భార్య, తాను భర్తతో ఉన్నంతకాలం ఒక్క మనిషి కూడా నీళ్లలో పడలేదని చెప్పింది. మాకు ఈ మధ్యే తెలిసింది. దేవుని వాక్యాన్ని నిలబెట్టడానికి ఒక అబద్ధపు చేపను తెచ్చుకున్నాము. తిమింగలం మాకూ ఒక సాక్ష్యం ముక్క, ప్రసంగంలో వాడుకునే సరుకు. అది ఎలా బ్రతుకుతుందో, ఎందుకు పాడుతుందో ఏనాడూ అడగలేదు. కాబట్టి సినిమా తీసినాయనను ఎంత తిట్టామో అందులో సగం మాకూ చెందుతుంది. మొన్న ఆదివారం సంఘం ముందు ఆ కథ తప్పని చెప్పి క్షమించమని అడిగాము.

అదే సాయంత్రం ప్రొజెక్టరు లేకుండా, దుప్పటి కట్టకుండా, మందిరంలో లైట్లు ఆర్పి, 1970లో వచ్చిన ఆ రికార్డును ఫోనులో పెట్టి సౌండు బాక్సులకు కలిపాము. ముందు రెండు మాటలు చెప్పాము, ఇది వాట్లింగ్‌టన్ దాచిన పాట, ఇలా దొరికింది అని. తరువాత ఏమీ మాట్లాడలేదు. పావుగంట. బయట కుక్కలు మొదట మొరిగి తరువాత ఊరుకున్నాయి. పిల్లలు నిద్రపోలేదు. ఆ అమ్మాయి ముందు వరుసలో ఉంది, వాళ్ల నాన్న గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడే విన్నాడు. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అడగలేదు.

లైట్లు వేశాక పెద్దామె, “గదిలో కట్టేసిన ఎద్దు రంకేసినట్టుందండి” అంది. పాడేవి మగవే అమ్మా, ఆడవి పాడవు అని చెప్పాము.

“అట్టాగాండి? మన మందిరంలో అయితే అన్నీ మేమే పాడాలి, మగోళ్లకి నోరు పెగలదు” అంది ఆమె.